పేరులేని చెట్టు మొగ్గ

జిగురు పిన్ని వేళ్ళ కొసల మీద ఎప్పుడూ ఎండిన జిగురు పొర ఒకటి ఉండేది. మాటల్లో పడి దాన్ని గోటితో రేపేది, కుబుసంలా ఒలిచేది, ఉండ చేసి కిటికీలోంచి విసిరేది. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా "అదేమిటే?" అంటే, "నా చర్మం. రోజుకొకటి విడుస్తాను. మనిషిని మాత్రం అదే మనిషిని" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ రెండో మాట నవ్వడానికి అన్నది కాదని ఇంట్లో ఒక్క మరిదికే తెలుసు.

ఆవిడ పనిచేసింది అడవుల పరిశోధన ఆఫీసులో. ముందు వైపంతా సైంటిస్టులు, కుర్చీలు, గోడలకు మ్యాపులు. వెనకాల పొడుగాటి గది ఒకటి. దాని నిండా ఇనుప బీరువాలు, బీరువాల నిండా ఎండబెట్టిన మొక్కలు. బోర్డు మీద ఏదో పెద్ద పేరు రాసుండేది గానీ, బంట్రోతు మొదలుకొని అందరూ దాన్ని ఎండాకుల గది అనే పిలిచేవారు. కలరా ఉండల వాసన అక్కడ పనిచేసేవాళ్ళ బట్టల్ని ఇంటిదాకా వెంబడించేది.

అడవిలోంచి వచ్చిన కొమ్మని పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, చెక్కల మధ్య బిగించి, తడి పూర్తిగా ఆరాక దళసరి కాగితం మీద అతికించడం పిన్ని పని. మందపాటి కాడల్ని దారంతో కుట్టాలి. ఒక్క ఆకునైనా తిరగేసి అంటించాలి, దాని వీపు కూడా చూసేవాళ్ళకి కనబడాలి కనక. రాలిన రేకులకీ గింజలకీ చిన్న కాగితం పొట్లం కట్టి మూలన అతికించాలి. పిన్ని చేతిలో పడ్డ కొమ్మ చచ్చినట్టు ఉండేది కాదు, పడుకున్నట్టు ఉండేది.

ఆ ఉద్యోగం ఇప్పించింది పెద్దసారు. ఆ గదికి ఆయనే అధికారి. "పాపం, నేనే వేయించాను" అని వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఎదురుగానే చెప్పేవాడు. పిన్ని తల ఎత్తేది కాదు. బ్రష్షు జిగురులో ముంచి, గిన్నె అంచుకి రాసి, మళ్ళీ ముంచేది. తన మొగుడి ప్రాణం తీసినవాడు తనకి దయతో పని ఇప్పించానని చెప్పుకుంటుంటే, ఆ బ్రష్షు ఆయన నోటికి అడ్డంగా పులమాలని చెయ్యి ఎంత లాగేదో ఆవిడకే తెలుసు.

మొగుడు ఆ ఆఫీసులోనే చెట్లెక్కేవాడు. ఉడత అని పిలిచేవారు. పూత ఎక్కడో ఆకాశానికి దగ్గర్లో ఉంటే సైంటిస్టులు కింద నిలబడి వేలు చూపించేవారు, అతను ఎక్కి కోసుకొచ్చేవాడు. నడుముకు పట్టీ, పట్టీకి తాడు. కిందికి దిగాక గోళ్ళలో బెరడు, జేబులో పిన్నికోసం ఏదో ఒక కాయ.

లోయ అంచున ఒక చెట్టు ఉండేది. దాని ఆకు ఏ బీరువాలోని ఆకుతోనూ కలవదని కనిపెట్టింది పెద్దసారే. ఆయన కళ్ళు అంత చురుకైనవి, ఆ మాట పిన్ని ఎప్పుడూ కాదనలేదు. అడవంతా గాలించినా అలాంటిది రెండోది దొరకలేదు. ఆయన అప్పటికే గడ్డికీ, పొదలకీ, తీగలకీ కొత్త పేర్లు పెట్టినవాడు. చెట్టుకి పెట్టలేదు. కొత్త చెట్టు దొరకడం వాళ్ళ పనిలో పదిమందిలో ఒకడికి కూడా జరగదు. కాకపోతే పువ్వు చూడకుండా పేరు పెట్టకూడదు. ఆకులు మాయ చేస్తాయి, పువ్వే దాని వంశం చెబుతుంది. ఆ చెట్టేమో తొలకరిలో నాలుగైదు రోజులు మాత్రం పూసేది, అదీ చిటారు కొమ్మన.

ఒక మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చినప్పుడు పెద్దసారు, ఉడత, దోటి మోయడానికి తోడొచ్చిన ఉడత తమ్ముడు ఆ చెట్టు కిందికి చేరారు. పైన తెల్లగా కనబడింది. తాడు, పట్టీ వాగు అవతల జీపులో ఉన్నాయి.

"తెచ్చేస్తా సార్, ఒక్క పరుగు" అన్నాడు ఉడత.

"అయిదు నిమిషాల పనికి తాడెందుకోయ్? మబ్బు మళ్ళీ కమ్ముకొస్తోంది. వాన పడితే పువ్వు మిగలదు. ఎక్కు, ఎక్కు."

ఎక్కాడు. తడిసిన బెరడు సబ్బులా ఉంది. కొమ్మ చేతికి అందింది, కాలికింద బెరడు ఊడింది. పడ్డప్పుడు గుప్పిట్లో పూలున్నాయి. ఆసుపత్రిలో గుప్పిట విప్పేసరికి బురదగా మారాయి. మనిషీ మిగల్లేదు, పువ్వూ మిగల్లేదు.

పెద్దసారు రిపోర్టు రాశాడు. తాడు వేసుకోమని హెచ్చరించినా లెక్కచెయ్యకుండా ఎక్కాడని. ఆఫీసంతా అదే నమ్మింది. "పాపం, దూకుడు మనిషి" అని పరామర్శకొచ్చినవాళ్ళు పిన్ని మొహం మీదే అన్నారు. జీవితంలో ఒక్కసారి కూడా పట్టీ రెండోసారి లాగి చూసుకోకుండా ఎక్కని మనిషి. చూసింది తమ్ముడొక్కడే. వాణ్ణి ఎవరూ అడగలేదు, చెప్తే సొంత అన్న కదా అని కొట్టిపారేశారు.

పనిలో చేరిన కొత్తలో పిన్ని ఒకసారి ఆయన బల్ల దగ్గరికెళ్ళి అడిగింది.

"సార్, ఆ రోజు తాడు జీపులో ఉందిట. ఆ సంగతి మీరొక్కసారి అందరితో అంటే చాలు. నాకింకేం వద్దు."

"చూడమ్మా" అన్నాడాయన, భూతద్దంలోంచి కన్ను తియ్యకుండా. "అయిపోయినదాన్ని తవ్వుకుంటే మనసుకి మంచిది కాదు. ఉద్యోగం వచ్చింది కదా. పని చూసుకో."

పిన్ని పని చూసుకుంది. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేదాకా ఆ చెట్టు ఆయనకి దక్కకూడదని ఆ గదిలోనే, ఆ బల్ల దగ్గరే తీర్మానించుకుంది.

అన్న పోయాక ఆ చెట్లెక్కే పని తమ్ముడికి వచ్చింది. తర్వాతి తొలకరికి పెద్దసారు వాణ్ణి వెంటబెట్టుకుని లోయ అంచుకి వెళ్ళాడు. ఈసారి తాడు ఉంది. ఒకటి కాదు, రెండు. పెద్దసారు కింద బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమోయ్, కనబడుతోందా?"

"ఆకులే సార్!"

"సరిగ్గా చూడు! మొగ్గయినా లేదూ?"

"ఎక్కడ సార్? చీమలున్నాయి. పంపమంటారా?"

మరిది చొక్కాలో అప్పటికి దోసెడు మొగ్గలున్నాయి. ఆకుల కుదుళ్ళలో నక్కి ఉండేవవి, కిందనుంచి ఎంత చూసినా ఆనేవి కావు. సాయంత్రం వంటింట్లో వాటిని పళ్ళెంలో పోశాడు. పిన్ని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి చూసింది. నెలల తరబడి ఎండిన పూలే చూసిన కళ్ళకి అవి కొత్తగా, చల్లగా ఉన్నాయి. కాసేపు అలా చూసి, పొయ్యిలో వేసింది. చిటపటమన్నాయి.

"వదినా, నీకు భయం లేదూ?"

"ఎవరికి భయపడాలి? మొగ్గలకా?"

"ఇంత పెద్ద చదువులు చదివిన మనిషి. తెలిసిపోదూ?"

"తెలిసిపోతే వచ్చి పొయ్యి తవ్వుకోమను."

అలా ఏటా జరిగింది. పిన్నికి ఆ రోజు ఒక రకమైన పండగ. పొద్దున్నే లేచి మరిదికి ఇష్టమైన కూర వండి డబ్బాలో పెట్టిచ్చేది. సాయంత్రం వాడు పెద్దసారు అవస్థ నటించి చూపించేవాడు: మెడ వెనక్కి వంచి, నోరు తెరిచి, "లేదుటోయ్? నిజంగా లేదుటోయ్?" పిన్ని కడుపు పట్టుకుని నవ్వేది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి చెయ్యరా" అనేది. ఆఫీసులో మాత్రం పెద్దసారు దిగాలుగా కూర్చుంటే టీ గ్లాసు ఆయన బల్ల మీద పెట్టి, "ఈ ఏడూ పూయలేదాండీ? అయ్యో" అనేది. అంత మెత్తగా అనేది కనక ఆయన, "ఈ ఆఫీసులో నా బాధ తెలిసింది నీకొక్కదానికేనమ్మా" అన్నాడొకసారి. ఆ మాటని పిన్ని చాలా నెలలు చప్పరించింది.

ఏళ్ళు గడిచాయి. పెద్దసారు జుట్టు నెరిసింది, పదవీ విరమణ కనుచూపు దూరంలోకొచ్చింది. ఆ తొలకరికి ముందు మరిది ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు.

"ఈసారి నేను తుంపను వదినా."

"ఏం, ఒళ్ళు బరువెక్కిందా?"

"చెట్టు ఎండిపోతోంది. ఒక పక్కంతా పోయింది. మాను లోపల పురుగు తొలిచేసింది, తడితే డొల్లగా మోగుతోంది. కింద ఒక్క పిల్లమొక్క లేదు. ఎలా ఉంటుంది? కాయ పడనిస్తేగా. నీకు ఆయన మీద కక్ష, సరే. నాకూ ఉంది. చెట్టేం చేసింది?"

పిన్ని వేలి కొసన జిగురు పొరని గోటితో రేపింది. వాడు లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అన్నలాగే కూర్చున్నాడు.

"పూస్తే ఆయన చూస్తాడు కదరా" అంది చివరికి.

"చూస్తాడు. పేరు పెడతాడు. పెట్టుకోనీ."

"ఆ ఒక్కటీ కానివ్వను."

వారం తిరక్కుండా దారి దానంతటదే దొరికింది. ఇంకో నగరం నుంచి బీరువాలు చూడ్డానికి ఒక సైంటిస్టు వచ్చింది. పొట్టి మేడం. మైక్రోస్కోప్ అందడానికి కుర్చీలో రెండు లావుపాటి పుస్తకాలు వేసుకుని కూర్చునేది. ఒకప్పుడు పెద్దసారు దగ్గరే చదువుకుందిట, ఏదో మీటింగులో ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారుట. ఆ సంగతి బంట్రోతు చెప్పగానే పిన్నికి ప్రాణం లేచొచ్చింది. పడనివాళ్ళు అనుకుంది. ఆ మనుషులకి అరుచుకోవడం పలకరింపులాంటిదని ఆవిడకి తెలీదు.

పూత విరిసిన తొలిరోజు సెలవుదినం. మరిది ఎక్కి రెండు కొమ్మలు దించాడు. ఆ చెట్టు పూస్తే ఒక్కపెట్టున పూసేది, కొమ్మకి ఒక్క మొగ్గని కూడా మిగిల్చేది కాదు. పిన్ని వాటిని తన ఇంట్లో, మంచం కోళ్ళ కింద చెక్కలు పెట్టి ఆరబెట్టింది. మర్నాడు పెద్దసారుకి జ్వరం, కదల్లేదు. ఆయన లేచేసరికి రేకులు రాలిపోయాయి. ఆరిన కొమ్మలు పిన్ని పొట్టి మేడం బల్ల మీద పెట్టింది.

మేడం చాలాసేపు ఊపిరి తీసుకోవడం మర్చిపోయినట్టు చూసింది.

"ఇది ఆ చెట్టేనా? మీ సారుకి చెప్పారా?"

"లేదు మేడం. చెప్పొద్దు."

"అదేంటి? ఎందుకు చెప్పొద్దు?"

పిన్ని ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోలేదు. నోటికొచ్చింది అనేసింది. "ఆయన రిటైరవుతున్నారు కదండీ. అచ్చులో ఒక్కసారిగా చూస్తే ఆశ్చర్యపోతారని. అంతా మీరే రాయండి. మీ చేతిమీదుగా."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ మనసు చాలా మంచిది పిన్నీ" అంది. "నాకొదిలెయ్యండి."

ఆ ఏడు కాయ పట్టింది. మరిది గింజలేరి నర్సరీలో పోశాడు, గుప్పెడు మొలిచాయి. చలికాలంలో పెద్ద గాలికి చెట్టు మొదలంటా విరిగి లోయలో పడింది. అంతకుముందే మరిదికి ఒక స్కూలు బస్సు నడిపే పని దొరికింది. "నేల మీద తిరిగే ఉద్యోగం వదినా, అమ్మ పోరు పడలేను" అని ఆఫీసు వదిలేశాడు.

అచ్చు కాగితాలు వచ్చిన రోజు పెద్దసారు తన గదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ వయసు మనిషి పరిగెత్తడం పిన్ని ఎప్పుడూ చూడలేదు. కళ్ళవెంట నీళ్ళు.

"అమ్మా! నీ ఆలోచనటగా ఇదంతా! నాకు తెలీకుండా, నా కోసం..."

కాగితం ఆవిడ ముందు పెట్టాడు. చెట్టు పేరు మీద వేలు పెట్టాడు. ఆ పేరులో ఆయన పేరుంది.

"మొక్కకి ఎవరి పేరు వాళ్ళు పెట్టుకోకూడదు. మర్యాద కాదు, మా వాళ్ళలో నవ్వులపాలవుతారు. నేనే వర్ణించి ఉంటే ఎవరిదో పేరు పెట్టాల్సొచ్చేది, నా పేరు ఎప్పటికీ వచ్చేది కాదు. ఇంకొకళ్ళు పెట్టాలి. నువ్వు పెట్టించావు!"

పిన్ని చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది. జిగురు బొట్టు బల్ల మీద పడింది. ఆయన తనంతట తాను ఏ జన్మకీ సంపాదించుకోలేనిదాన్ని తను పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. మొగుడు ఏ చెట్టుమీంచి పడి పోయాడో ఆ చెట్టుకి, అతన్ని ఎక్కించినవాడి పేరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, మరిదికి ఆ సంగతి చెప్పి, గోడకానుకుని కూర్చుంది. వాడు ఓదార్చబోతే, "నోర్ముయ్యి. నవ్వొస్తోంది నాకు" అంది. నవ్వు రాలేదు.

పెద్దసారు సంతోషం కొన్నాళ్ళు ఆఫీసులో ఎవరినీ పని చెయ్యనివ్వలేదు. ఆ తర్వాత ఆయనలో ఏదో గీరుకోవడం మొదలైంది. ఆ వర్ణనలో ఒకచోట, ఆకు సంగతి, పువ్వు సంగతి, కాయ సంగతి అన్నీ రాశాక, చిన్నక్షరాల్లో ఒక మాట ఉంది: లేతమొగ్గలు చూడలేదు. చెట్టు పడిపోయింది. నర్సరీ మొక్కలు పూతకి రావాలంటే ఆయన జీవితకాలం చాలదు. తన పేరున్న చెట్టు, అందులో ఒక రంధ్రం. పనిలో చివరి వారం, టీ వేళ, కాగితం మడిచి పట్టుకుని పిన్ని బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ కొమ్మలు ఆరబెట్టినప్పుడు... మొగ్గలేమైనా చూశావా అమ్మా? ఒకటైనా?"

అడిగేదాకా పిన్నికి కూడా తను చెప్పబోతోందని తెలీదు.

"చూశాను సార్."

"ఎప్పుడు?"

"ఏటా."

ఆయనకి అర్థం కాలేదు. పిన్ని బ్రష్షు కింద పెట్టింది.

"మీరు మెడలు విరిగేలా పైకి చూస్తూ నిలబడ్డప్పుడల్లా అవి మా మరిది చొక్కాలో ఉండేవి. సాయంత్రానికి మా పొయ్యిలో ఉండేవి. వాడు ఇప్పుడు మీ ఆఫీసులో లేడు, వాణ్ణేం చెయ్యలేరు. తుంపించింది నేను. నన్నేం చేస్తారో చెయ్యండి."

పెద్దసారు స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. తిడతాడని పిన్ని చూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆయన పెదాలు కదిలాయి.

"ఎందుకమ్మా?"

"ఆ రోజు తాడెక్కడుంది సార్?"

ఆయన ముందు హాలు వైపు చూశాడు. అక్కడ అందరూ టీ తాగుతున్నారు, బంట్రోతు ఏదో చెప్తుంటే నవ్వుతున్నారు. మళ్ళీ చేతిలో కాగితం చూసుకున్నాడు.

"గుండ్రంగా ఉండేదా, కొస తేలి ఉండేదా? మీద నూగు ఉండేదా? రంగు ఏమిటి?"

"తాడు సంగతి చెప్పండి. తర్వాత మొగ్గ సంగతి చెప్తాను."

"జీపులో ఉంది" అన్నాడు, వినీ వినబడకుండా.

"నాకు తెలుసు. వాళ్ళకి చెప్పండి."

ఎంతో సేపు పట్టలేదు. ఆయన లేచాడు, గుమ్మం దాకా వెళ్ళాడు, చట్రం పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"వినండి. ఉడత పోయిన రోజు తాడు జీపులో ఉంది. అతను తెస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నా మాట మీద ఎక్కాడు. నేను రాసింది అబద్ధం."

హాల్లోంచి ఎవరో "సార్?" అన్నారు.  ఈ మాట వింటే తను బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుందని ఇన్నేళ్ళూ అనుకుంది పిన్ని. తల ఎత్తేసరికి ఆయన అప్పటికే వెనక్కి వచ్చేశాడు. చొక్కా జేబులోంచి పెన్సిల్ తీశాడు. కాగితం మడత విప్పి, ఆ చిన్నక్షరాల పక్కన ఖాళీలో పెన్సిల్ మొన ఆనించాడు.

"చెప్పమ్మా. రంగు?"

పిన్ని ఆ పెన్సిల్ వైపు చూసింది. మనిషి పోయి ఇన్నేళ్ళయినా, పెళ్ళాం నోరు తెరిచి అడిగినా రాని మాట, మొగ్గ కోసం టీ చల్లారేలోపు వచ్చింది. కళ్ళలోకి రాబోయిన నీళ్ళు వచ్చిన దారినే పోయాయి.

"గుర్తులేదు సార్" అంది.

"చెప్తానన్నావు."

"అన్నాను."

బ్రష్షు అందుకుని జిగురులో ముంచింది. ముందున్న కాగితం మీద ఏదో గడ్డిపరక వెన్ను సరిచేసి, మెల్లగా అతికించింది. పెద్దసారు పెన్సిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకో పరక అతికించింది. బంట్రోతు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాకా నిలబడే ఉన్నాడు.

రిటైరయ్యాక ఆయన వారానికోసారి నర్సరీకి వచ్చి ఆ మొక్కల పక్కన కూర్చునేవాడు. మోకాలెత్తు మొక్కలు. కిటికీలోంచి పిన్నికి కనబడేవాడు. రెండుసార్లు లోపలికి కబురు పంపాడు, రెండుసార్లూ "పనిలో ఉన్నానని చెప్పు" అంది. ఆయన పోయిన రోజు మరిది బస్సు ఆపుకుని వచ్చి మరీ అడిగాడు.

"చివర్లో అయినా చెప్పాల్సింది వదినా. మాట ఇచ్చావుగా."

"ఇచ్చాను. తప్పాను. ఆయన రాసిన రిపోర్టు పక్కన నాది చాలా చిన్న అబద్ధం."

ఇప్పుడు పిన్నీ లేదు. ఆ మొక్కలు మనిషెత్తు పెరిగాయి, పూతకి ఇంకా చాలా ఏళ్ళు పడుతుందిట. మొగ్గ ఎలా ఉంటుందో తెలిసినవాడు లోకంలో మరిది ఒక్కడే. ఎవరడిగినా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, అద్దంలోకి చూస్తూ అంటాడు: "మా వదిన చెప్పలేదు. నేనెవణ్ణి చెప్పడానికి?"